పలుగురాయిని పలికించిన ఆచార్యుడు

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములు సున్నపురాతికి పెట్టినది పేరు. పూర్వము జగ్గయ్యపేట స్తూపమునకు శిల్పులు ఫలకములు చెక్కినది అట్టి రాతిలోనే. అందలి కాల్సైటు స్ఫటికమును ఎంత నొక్కినను విద్యుత్తు పుట్టదు. మునేటి యిసుకలోని పలుగురాతి రేణువును నొక్కినచో, మిక్కిలి స్వల్పముగనైనను, పుట్టును. 1880లో పారిస్‌లో క్యూరీ సోదరులు కనుగొనిన యీ గుణమునకే పీడన విద్యుత్తని పేరు. ఒక రాతికున్న గుణము మరియొక రాతికేల లేదు? ఇట్టి ప్రశ్నలకు గణితముతో సమాధానము చెప్పుటలో పేరొందిన ఆచార్య సూరి భగవంతంగారు ఉమ్మడి కృష్ణాజిల్లావారే. 1909 అక్టోబరు 14న ఆగిరిపల్లిలో జన్మించిరి.

హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, 1928లో కలకత్తా వెళ్లి సి.వి. రామన్‌గారి శిష్యులైరి. రామన్ ఫలితము వెలువడిన సంవత్సరమే అది. 1932లో వాల్తేరున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరిరి. వారి ఉత్తమ పరిశోధన చాలవరకు అచ్చటనే సాగినదని నా తలంపు.

స్ఫటికములోని పరమాణువుల కూర్పునకు సౌష్ఠవ కేంద్రమున్నచో, నొక్కినప్పుడు ఒకవైపు జరిగిన ఆవేశమును ఎదుటివైపు జరిగినది సరిపుచ్చును. కాల్సైటు కథ యిదే. పలుగురాతికి అట్టి కేంద్రము లేదు. స్ఫటిక వర్గములు 32. వానిలో ఈ గుణము గలవి 20. దీనిని వర్ణించుటకు గరిష్ఠముగ 18 స్థిరాంకములు కావలసి యుండగా, పలుగురాతికి 2 చాలును. జర్మనీ శాస్త్రజ్ఞుడు వోయిట్ ముందే కట్టిన యిట్టి లెక్కలను సమూహ సిద్ధాంతముతో సూటిగా రాబట్టు మార్గమును భగవంతంగారు చూపిరి.

అమెచ్యూర్ రేడియోవారికి పలుగురాయి పాత నేస్తము. విద్యుత్తు నందించినచో కంపించుట దాని విలోమ గుణము. తగినరీతిని కోసిన, సుమారు పావు మిల్లీమీటరు మందముగల బిళ్ల సెకనుకు 70 లక్షల మారులు కంపించి, వారి 40 మీటర్ల ప్రసారమును దారి తప్పకుండ నిలుపును. మందము మారినచో కంపనము మారును. రేడియోకు వరమైన యీ పట్టుదలయే వాల్తేరు ప్రయోగశాలలో చిక్కయ్యెను. వేరొక స్ఫటికములో ధ్వని వేగమును కొలిచి దాని బిగువు తెలిసికొనవలెనన్న అనేక పౌనఃపున్యములు కావలెను. సమమైన బిళ్ల యొక్కదానికే గట్టిగా పలుకును. 1944లో భగవంతంగారు, భీమసేనాచార్‌గారు ఒక అంచున పలుచగను, ఒక అంచున మందముగను అరగదీసిన బిళ్లను వాడిరి. అంతట ఒకే బిళ్ల వరుసగా ఎన్నో పౌనఃపున్యములకు పలికెను. ఉపాయమంతయు ఆ అరగదీతలోనే యున్నది! వజ్రమునకుగల 3 స్థితిస్థాపక స్థిరాంకములను కొలిచి, 1946లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించిరి. 1957లో అమెరికాలో తిరిగి కొలువగా అందొక స్థిరాంకము బాగుగా తగ్గినది. దిద్దుటకైనను ముందొక కొలత ఉండవలెను గదా.

1952లో ఉస్మానియా వైస్‌ఛాన్సలరు, 1957లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టరు, 1961 నుండి 1969 వరకు రక్షణమంత్రికి విజ్ఞాన సలహాదారు. పదవులు పెరిగిన కొలది ప్రయోగశాల దూరమయ్యెను. దేశమునకు లాభమే, వాల్తేరుకు నష్టమనక తప్పదు. 1989లో దివంగతులైరి. సలహాదారుగ నున్న కాలముననే, 1966లో, స్ఫటిక సౌష్ఠవమును గూర్చి వారు రచించిన ఆంగ్ల గ్రంథము వెలువడినది. పలుగురాతి రెండు స్థిరాంకములును అందున్నవి.