ఆధారపత్రాల ఆచార్యుడు: ఎరిక్ విలియమ్స్

కరీబియన్ సముద్రపు దక్షిణాంచలాన, వెనిజులా తీరానికి అతి సమీపంలో ట్రినిడాడ్ అనే ద్వీపమున్నది. 1498లో కొలంబసు దానిని చూచినాడు. 1797 వరకు అది స్పెయిన్ ఏలుబడిలో ఉండి, పిమ్మట ఆంగ్లేయుల వశమైనది. ఆదిమవాసులు చాలవరకు నశించిరి. చెరకుతోటలకై ఆఫ్రికా నుండి మనుష్యులను బానిసలుగా తెచ్చినారు. 1838లో బానిసత్వం పూర్తిగా తొలగిన తరువాత తోటల యజమానుల చూపు మన దేశంపై పడినది. 1845 మొదలు 1917 వరకు లక్షా నలభైవేలకు పైగా భారతీయులు ఒప్పందపు కూలీలుగా అక్కడికి వెళ్ళినారు. వారిలో అధికసంఖ్యాకులు కలకత్తా రేవు నుండి వెళ్ళినవారే. మద్రాసులో ఓడ ఎక్కిన కొద్దిమందిలో తెలుగువారు కూడా ఉన్నారు. ఇన్ని జాతుల కన్నీరు ఇంకిన ఆ నేలమీద పుట్టిన బాలుడు బడిలో చదివిన చరిత్ర మాత్రం ఇంగ్లండు రాజులది!

ఆ బాలురలో ఒకడు ఎరిక్ విలియమ్స్. 1911 సెప్టెంబరు 25న పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నగరంలో జన్మించినాడు. తండ్రి తపాలాశాఖలో చిన్న ఉద్యోగి. పన్నెండుమంది సంతానంలో ఎరిక్ జ్యేష్ఠుడు. చదువు తప్ప మరొక నిచ్చెన లేని కుటుంబమది. క్వీన్స్ రాయల్ కాలేజీలో ఆయనకు పాఠాలు చెప్పినవారిలో సి.ఎల్.ఆర్. జేమ్స్ ఒకడు. హైతీ బానిసల తిరుగుబాటును గూర్చి ఉద్గ్రంథం రచించి ఖ్యాతి గడించిన ఆ జేమ్సే. పరీక్షాపత్రాలు కేంబ్రిడ్జి నుండి వచ్చేవి. కనుక పాఠాలూ ఆ పత్రాల ననుసరించే నడిచేవి. ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బవల్ల వినికిడి మందగించినా, విలియమ్స్ ద్వీపమంతటికీ ప్రతిష్ఠాత్మకమైన విద్యార్థివేతనం గెలుచుకొని 1932లో ఆక్స్‌ఫర్డు చేరినాడు. 1935లో చరిత్రలో ప్రథమశ్రేణి సంపాదించినాడు.

బానిసత్వ నిర్మూలన శాసనానికి నూరేండ్లు నిండి ఇంగ్లండులో ఉత్సవాలు జరిగిన కాలమది. ధర్మబుద్ధి గల కొందరు మహనీయుల కృషివల్లనే బానిసలు విముక్తులైనారని ఆక్స్‌ఫర్డు ఆచార్యుడు కూప్లండ్ మొదలైనవారు ప్రతిపాదించేవారు. విలియమ్స్ వారితో వాదానికి దిగలేదు. దస్తావేజుల గదిలోకి నడిచినాడు. పార్లమెంటు పత్రాలు, సుంకాల లెక్కలు, వర్తకుల లేఖలు ఏండ్ల తరబడి పరిశీలించినాడు. చక్కెర వాణిజ్యంలో లాభం సన్నగిల్లిన వెనుకనే దయ బలపడినదని ఆయనకు తోచినది. 1833 శాసనం రెండుకోట్ల పౌనుల పరిహారం ఇప్పించినది యజమానులకు. బానిసకు ఒక్క పెన్నీ దక్కలేదు. ఈ అంకె పుస్తకాలలో లేనిది కాదు, దానిని దయాగాథ పక్కన నిలిపి చూచినవారు తక్కువ. 1938లో డాక్టరు పట్టం తెచ్చిన ఆ పరిశోధనే పెరిగి 1944లో ‘క్యాపిటలిజం అండ్ స్లేవరీ’ గ్రంథంగా అమెరికాలో వెలువడినది. ఇంగ్లండులో అచ్చు కావడానికి మరి ఇరువదియేండ్లు పట్టినది. ఆయన సిద్ధాంతాన్ని తరువాతి చరిత్రకారులు కొందరు గట్టిగా ఖండించినారు. అయితే ఖండించుటకు వారు కూడ ఆ లెక్కల పుస్తకాలే తిరుగవేయవలసి వచ్చినది. పండితునికి ఇంతకంటె గౌరవమేమున్నది?

1939లో ఆయన వాషింగ్టనులోని హోవార్డ్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడైనాడు. ఒకరు వ్రాసిన సారాంశాన్ని మరొకరు వల్లించే పద్ధతి ఆయనకు రుచించలేదు. ఏ కాలాన్ని గూర్చి చదివితే ఆ కాలపు రచనలనే విద్యార్థి స్వయంగా చూడాలని, మూలపాఠాలను సంపుటాలుగా కూర్చి తరగతికి అందించినాడు. వెస్టిండియన్ విద్యావిధానాన్ని గూర్చి 1950లో ప్రకటించిన గ్రంథానికి జాన్ డ్యూయీ పీఠిక వ్రాసినాడు. పరాయి పరీక్షలను వదలి, ద్వీపాల జీవితం నుండే పాఠ్యక్రమం మొలకెత్తాలన్నది అందులోని వాదం.

కరీబియన్ కమిషను ఉద్యోగిగా ఆయన 1948లో స్వదేశం చేరినాడు. 1955లో కమిషను ఆయన కొలువు పొడిగించలేదు. ఆ జూన్ 21వ తేదీ రాత్రి శాసనసభాభవనం ఎదుటనున్న వుడ్‌ఫర్డ్ స్క్వేర్ అనే తోటలో నిలిచి, కమిషనుతో తనకు గల తగవును ప్రజలకు వివరించినాడు. తరువాతి నెలలలో రాజ్యాంగసంస్కరణ, జాతిసంబంధాల చరిత్ర, పార్టీ రాజకీయాలు — ఒక్కొక్కటే ఉపన్యాసవస్తువైనది. రేవుకూలీలు, గుమాస్తాలు, గృహిణులు, బడిపంతుళ్ళు నిలువుకాళ్ళమీద విన్నారు. కళాశాల గడప త్రొక్కనివారికి అంకెలు, తేదీలు, ప్రభుత్వపత్రాలు వినిపించడం సాహసమే. ఆయన వాటిని పలుచన చేయలేదు. జనం ఆ తోటకు విశ్వవిద్యాలయమని పేరు పెట్టుకొన్నారు. ఆ ఉపన్యాసాలను చిన్న పుస్తకాలుగా అచ్చువేయించినది ఉపాధ్యాయుల సంఘమన్నది గమనింపదగినది.

1956 ఎన్నికలలో గెలిచి ఆయన ప్రభుత్వాధినేత అయినాడు. 1962 ఆగస్టు 31న దేశం స్వతంత్రమైనది. ఆ ఉత్సవానికి అందేటట్లు కొద్ది వారాలలో దేశప్రజల చరిత్రను రచించినాడు. భారతీయుల శ్రమకు అందులో ఒక అధ్యాయమున్నది. తొందరలో వ్రాసిన గుర్తులు లేకపోలేదు. 1963లో వెలువడిన ‘డాక్యుమెంట్స్ ఆఫ్ వెస్టిండియన్ హిస్టరీ’ ఉపాధ్యాయునికి అంతకంటె విలువైనది. 1492 నుండి 1655 వరకు గల పత్రాల సంకలనమది. ద్వీపవాసులు సాధువులు, సేవకు తగినవారు అని మురిసిన కొలంబసు రాతలు. ఆ సాధువులు గనులలో, తోటలలో ఏమైపోయినారో కన్నులార చూచి విలపించిన లాస్ కాసాస్ రాతలు. ఈ రెంటినీ పక్కపక్కన ఉంచితే పిల్లలే ప్రశ్నలు వేస్తారు. పంతులు అట్టే మాటాడనక్కరలేదు.

అధికారం చరిత్రకారునికి మంచి స్నేహితుడు కాదు. ఫెడరేషన్ ఎన్నికలలో తన పక్షం వెనుకబడగా, 1958లో భారతీయ సంతతివారిని నొప్పించే మాటలు పలికినాడు. ఆ గాయం త్వరగా మానలేదు. 1960 ఏప్రిల్ 22న అదే తోటలో, అమెరికాకు నౌకాస్థావరం ధారపోసిన 1941 ఒడంబడిక ప్రతినీ, రాజ్యాంగపు ప్రతినీ, మరికొన్ని పత్రాలనూ జనసమక్షంలో దగ్ధం చేసినాడు. కాలినవి నకళ్ళే. అయినా పత్రాలను చదవడం నేర్పిన చేయే నిప్పు పెట్టడం చూచినవారికి వింత తోచకపోదు. 1965లో ద్వీపానికి వచ్చిన తన పూర్వగురువు జేమ్సును గృహనిర్బంధంలో ఉంచినది విలియమ్స్ ప్రభుత్వమే. 1970లో యువకులు వీథులకెక్కినప్పుడు అత్యవసర పరిస్థితి ప్రకటించినాడు. శాసనసభలో ప్రతిపక్షుల ప్రసంగం రుచించకపోతే చెవియంత్రం ఆపివేసేవాడని చెప్పుకొనేవారు.

1981 మార్చి 29న, ప్రధానిగా ఉండగానే, ఆయన మరణించినాడు. ఆయన పుస్తకాలు, లేఖలు, వ్రాతప్రతులు వెస్టిండీస్ విశ్వవిద్యాలయపు సెయింట్ అగస్టీన్ ప్రాంగణంలో భద్రపరచబడినవి. 1998లో ఆ భాండాగారం ప్రారంభమైనది. మరుసటి ఏడు యునెస్కో దానిని ప్రపంచస్మృతి పట్టికలో చేర్చినది. ఇతరుల కాగితాలు జీవితమంతా పరిశీలించినవాని కాగితాలు ఇప్పుడు ఆ ద్వీపపు విద్యార్థుల పరిశీలనకు అందుబాటులో ఉన్నవి.