నేల గట్టిదనం తెలిసిన నాగలి
ట్రాక్టరు వెనుక లిఫ్టుకు ప్రాణం పోసిన హ్యారీ ఫెర్గూసన్

తొలకరి చినుకులు పడగానే పల్లెల్లో ట్రాక్టర్లు పొలాల బాట పడతాయి. గట్టు దాటేటప్పుడు డ్రైవరు పక్కనున్న లివరును పైకి లాగుతాడు. వెనుకనున్న గొర్రు గాలిలోకి లేస్తుంది. చాలు మొదట్లో లివరును దించితే గొర్రు నేలలోకి దిగుతుంది. నేల గట్టిగా ఉన్నచోట అది తనంతట తానే కొద్దిగా లేస్తుంది, మెత్తగా ఉన్నచోట మళ్లీ దిగుతుంది. నేడు ఇందులో వింతేమీ కనిపించదు. కానీ ఈ చిన్న కదలిక వెనుక ఐర్లండుకు చెందిన ఒక రైతు కుమారుని జీవితకాల శ్రమ ఉంది. ట్రాక్టరు బానెట్ల మీద మన రైతులు నిత్యం చూసే ఫెర్గూసన్ అనే పేరు ఆయనదే.

రైతు ఇంట పుట్టి... సేద్యానికి దూరమై

హ్యారీ ఫెర్గూసన్ 1884 నవంబరు 4న ఐర్లండ్ ఉత్తర ప్రాంతంలోని డౌన్ కౌంటీలో, డ్రోమోర్ సమీపంలోని గ్రోవెల్ గ్రామంలో జన్మించారు. పదకొండు మంది సంతానంలో ఆయన నాలుగోవారు. తండ్రి జేమ్స్ సొంత పొలం ఉన్న రైతు. దైవభక్తి, క్రమశిక్షణ విషయంలో కఠినుడు. పద్నాలుగేళ్లకే బడి మానిపించి హ్యారీని పొలం పనుల్లో పెట్టారు. గుర్రాల వెనుక నాగలి పట్టి నడవటం ఆ బాలునికి ఏమాత్రం రుచించలేదు. మనిషికీ, పశువుకూ ఇంత చాకిరీ అవసరమా అన్న ఆలోచన ఆయన మనసులో పడింది అక్కడే.

1902లో ఆయన బెల్‌ఫాస్ట్ నగరానికి వెళ్లి, సైకిళ్లు, మోటారు కార్లు బాగుచేసే అన్న జో దుకాణంలో చేరారు. ఇంజను చప్పుడు విని లోపం చెప్పగల నేర్పరిగా త్వరలోనే పేరు తెచ్చుకున్నారు. మోటారు సైకిల్ పందాల్లో పాల్గొన్నారు. అంతటితో ఆగక సొంతంగా విమానం తయారుచేసి, 1909 డిసెంబరు 31న హిల్స్‌బరో వద్ద సుమారు 130 గజాల దూరం ఎగిరారు. ఐర్లండు గడ్డపై విమానం నడిపిన మొదటి వ్యక్తిగా చరిత్రకెక్కారు. 1911లో బెల్‌ఫాస్ట్‌లో సొంత మోటారు వ్యాపారం ప్రారంభించారు.

నేల పిలిచింది

వదిలివచ్చిన సేద్యం ఆయనను మళ్లీ పిలిచింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్‌కు ఆహార ధాన్యాల కొరత ఏర్పడింది. ఫెర్గూసన్ అప్పటికే అమెరికా నుంచి వచ్చిన ట్రాక్టర్లను విక్రయిస్తున్నారు. ఐర్లండు రైతులు ట్రాక్టర్లను సరిగా వాడేలా చూసే బాధ్యతను 1917లో ఐరిష్ వ్యవసాయ బోర్డు ఆయనకు అప్పగించింది. తన వద్ద పనిచేసే మెకానిక్ విల్లీ శాండ్స్‌ను వెంటబెట్టుకుని ఆయన ఊరూరా తిరిగారు.

ఆ పర్యటనలో ఆయన గమనించిన లోపం ఒక్కటే. ట్రాక్టరును గుర్రానికి బదులుగా కట్టారు తప్ప, నాగలి మారలేదు. చక్రాల మీద నడిచే బరువైన నాగలిని గొలుసుతోనో, కొక్కెంతోనో తగిలించి బండిలా లాగుతున్నారు. నాగలి లోతు సరిచేయడానికి రెండో మనిషి కావలసి వచ్చేది. వెనుక చక్రాలకు పట్టు చాలదు కాబట్టి ట్రాక్టరునే మరింత బరువుగా చేసేవారు. ఆ బరువుకు పొలం గట్టిపడిపోయేది.

అంతకంటే ఘోరమైన ప్రమాదం మరొకటి పొంచి ఉండేది. నేలలోని బండరాయికో, చెట్టు వేరుకో నాగలి తట్టుకుంటే ముందుకు కదలదు. వెనుక చక్రాలూ తిరగలేవు. ఇంజను బలం మాత్రం ఆగదు. అప్పుడు వెనుక ఇరుసే ఆధారంగా ట్రాక్టరు ముందుభాగం గుర్రం ముందుకాళ్లు ఎత్తినట్లు పైకి లేచి, డ్రైవరు మీదే తిరగబడేది. ఆనాడు చవకగా దొరికి విరివిగా అమ్ముడైన ఫోర్డ్‌సన్ ట్రాక్టర్ల కింద పడి ఎందరో రైతులు ప్రాణాలు కోల్పోయారు.

ట్రాక్టరు వేరు, నాగలి వేరు అనుకున్నంత కాలం ఈ కష్టం తీరదని ఫెర్గూసన్ గ్రహించారు. రెండూ కలిసి ఒకే యంత్రం కావాలి. మిగిలిన జీవితమంతా ఆయన ఈ ఒక్క ఆలోచన చుట్టూనే తిరిగింది.

మేడి మీది చేయి

1917 చివరిలో ఆయన బృందం చక్రాలు లేని తేలికపాటి నాగలిని తయారుచేసింది. దానిని ఫోర్డు కారును మార్చి చేసిన ఈరోస్ ట్రాక్టరుకు నేరుగా బిగించారు. అయితే ఫోర్డ్‌సన్ రాకతో ఈరోస్ మార్కెట్ నుంచి కనుమరుగైంది. ఫెర్గూసన్ నాగలిని ఫోర్డ్‌సన్‌కు అనుగుణంగా మళ్లీ రూపొందించారు. పైన ఒకటి, కింద ఒకటి చొప్పున రెండు కడ్డీలతో నాగలిని బిగించి, ట్రాక్టరు తిరగబడకుండా చేశారు. 1925లో అమెరికాలో షెర్మన్ సోదరులతో కలిసి ఈ నాగళ్ల తయారీ సంస్థను స్థాపించారు. 1928లో ఫోర్డు అమెరికాలో ట్రాక్టర్ల ఉత్పత్తిని నిలిపివేయడంతో ఆ మార్కెట్టూ పోయింది.

అప్పటికే ఆయన అసలు సమస్యకు మార్గం కనుగొన్నారు. పనిముట్లను ట్రాక్టరుకు జోడించి, దుక్కి లోతును తనంతట తానే నియంత్రించే పరికరానికి 1925లో బ్రిటన్‌లో పేటెంటు కోసం దరఖాస్తు చేశారు. విల్లీ శాండ్స్, ఆర్చీ గ్రీర్ వంటి సహచరుల చేతి నైపుణ్యం దీనికి తోడైంది. కాలక్రమంలో రెండు కడ్డీలు మూడయ్యాయి. కింద రెండు, పైన మధ్యలో ఒకటి. నేడు ప్రపంచమంతటా ట్రాక్టర్ల వెనుక కనిపించే మూడు లింకుల అమరిక ఇదే.

ఎడ్లతో దున్నే రైతుకు ఈ పరికరం మర్మం సులభంగా బోధపడుతుంది. నాగలి గట్టి నేలలో పడితే రైతు చేతికి మేడి బరువు తెలుస్తుంది. వెంటనే కర్రు కొద్దిగా పైకి తేలేలా చేయి మారుస్తాడు. నేల మెత్తబడితే మళ్లీ నొక్కుతాడు. ఎద్దులు ఆగవు, కాడి విరగదు. ఫెర్గూసన్ ఆ చేతి పనిని నూనెకు, స్ప్రింగుకు అప్పగించారు.

కింది రెండు లింకులు నాగలిని లాగుతాయి. మట్టి అడ్డుకున్నప్పుడు నాగలి పైభాగం ముందుకు ఒరగజూస్తుంది. ఆ ఒత్తిడి పై లింకు ద్వారా ట్రాక్టరు వెనుకనున్న బలమైన స్ప్రింగు మీద పడుతుంది. స్ప్రింగు నొక్కుకుంటే దానికి కలిపిన వాల్వు కదులుతుంది. పంపు నుంచి నూనె సిలిండరులోకి చేరి, లింకులను కొద్దిగా పైకి లేపుతుంది. నేల మెత్తబడి ఒత్తిడి తగ్గగానే వాల్వు వెనక్కి జరుగుతుంది. నూనె బయటకు పోయి నాగలి దిగుతుంది. డ్రైవరు ఒక్కసారి లివరును అమర్చుకుంటే చాలు, చాలు పొడవునా ఈ సర్దుబాటు దానంతట అదే జరిగిపోతుంది.

దీని వల్ల మరో మేలు కలిగింది. నాగలి బరువు, దానిని కిందికి లాగే మట్టి బరువు వెనుక చక్రాల మీద పడి వాటికి పట్టునిచ్చాయి. బరువైన ట్రాక్టరు చేసే పనిని తేలికపాటి ట్రాక్టరు చేయగలిగింది. నాగలి రాయికి తగిలితే పై లింకు ట్రాక్టరు ముందుభాగాన్ని నేలకు అదిమి పడుతుంది. వెనుక చక్రాల మీద బరువు తగ్గి అవి ఉన్నచోటే తిరుగుతాయి. ట్రాక్టరు తిరగబడదు.

చేతిలో చేయి వేసి...

ఎవరూ ముందుకు రాకపోవడంతో ఫెర్గూసన్ 1933లో తన పద్ధతిని చూపడానికి సొంతంగా ఒక ట్రాక్టరు తయారుచేయించారు. నల్లరంగు వేసిన ఆ ట్రాక్టరు లండన్‌లోని సైన్స్ మ్యూజియం సేకరణలో చేరింది. 1936లో ఇంగ్లండుకు చెందిన డేవిడ్ బ్రౌన్ ఉత్పత్తి ప్రారంభించారు. ధర 224 పౌండ్లు. పనిముట్లను వేరే కొనాలి. సుమారు 1,350 మాత్రమే తయారయ్యాయి. ఇంజను శక్తి పెంచాలని బ్రౌన్, మార్చేది లేదని ఫెర్గూసన్ పట్టుబట్టారు. ఇద్దరి మధ్య పొత్తు నిలవలేదు.

1938 అక్టోబరులో ఫెర్గూసన్ ఒక ట్రాక్టరును ఓడలో అమెరికాకు తీసుకువెళ్లి, డియర్‌బోర్న్‌లో హెన్రీ ఫోర్డు ఎదుట దున్ని చూపించారు. స్వయంగా రైతు బిడ్డ అయిన ఫోర్డుకు అది వెంటనే నచ్చింది. ట్రాక్టరు తయారీ ఫోర్డు వంతు, పరికరం, అమ్మకాల బాధ్యత ఫెర్గూసన్ వంతు. కాగితం మీద ఒక్క సంతకం లేదు. ఇద్దరూ చేతిలో చేయి వేసి ఒప్పందం ముగించారు. 1939 జూన్ 29న ఫోర్డు 9ఎన్ ట్రాక్టరు విడుదలైంది. ఆ ప్రదర్శనలో ఎనిమిదేళ్ల బాలుడు ట్రాక్టరు నడిపి దున్ని చూపాడు. యుద్ధకాలంతో కలిపి ఈ తరహా ట్రాక్టర్లు మూడు లక్షలకు పైగా అమ్ముడయ్యాయి.

హెన్రీ ఫోర్డు వృద్ధుడయ్యాక మనవడు రెండో హెన్రీ ఫోర్డు పగ్గాలు చేపట్టారు. ట్రాక్టర్ల విభాగం నష్టాల్లో ఉందని చెబుతూ 1946 నవంబరులో ఒప్పందం ముగిస్తున్నట్లు ప్రకటించారు. 1947లో మార్కెట్లోకి వచ్చిన ఫోర్డు 8ఎన్ ట్రాక్టరు వెనుక మాత్రం ఫెర్గూసన్ పరికరమే ఉంది. పేరు లేదు, ప్రతిఫలం లేదు. ఫెర్గూసన్ 1948లో న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. 25 కోట్ల 10 లక్షల డాలర్ల పరిహారం కోరారు. నాలుగేళ్ల వ్యాజ్యం తర్వాత 1952 ఏప్రిల్‌లో 92 లక్షల 50 వేల డాలర్లకు రాజీ కుదిరింది. రాతకోతలు లేని నమ్మకానికి ఆయన చెల్లించిన మూల్యం అది.

ఇంటింటి బూడిదరంగు ట్రాక్టరు

అప్పటికే ఆయన ఇంగ్లండులో మరో దారి వేసుకున్నారు. 1946లో స్టాండర్డ్ మోటారు కంపెనీ కోవెంట్రీ నగరంలో టీఈ 20 ట్రాక్టరు ఉత్పత్తిని ప్రారంభించింది. బూడిదరంగు పూసిన, టన్నుకు కాస్త మించిన బరువు గల ఈ చిన్న ట్రాక్టరు 1956 వరకు ఐదు లక్షలకు పైగా తయారైంది. దీని వెనుక బిగించేందుకు నాగళ్లు, గొర్లతో పాటు నేల చదును చేసి గట్లు వేసే బ్లేడు, మట్టి ఎత్తిపోసే తొట్టి కూడా వచ్చాయి. దున్నే యంత్రమే మట్టిపని యంత్రంగానూ మారింది. ఎడ్మండ్ హిల్లరీ బృందం 1958 జనవరి 4న దక్షిణ ధ్రువానికి చేరింది కూడా ఈ ట్రాక్టర్ల మీదే.

బ్లేడుతో నేల చదును చేసేటప్పుడు మాత్రం మట్టి గట్టిదనాన్ని బట్టి పనిముట్టు లేచి దిగితే నేల ఎగుడుదిగుడవుతుంది. అక్కడ కావలసింది స్థిరమైన ఎత్తు. ఆ పొజిషన్ కంట్రోల్ సదుపాయం ఫోర్డు 8ఎన్‌లో ముందే వచ్చింది. ఫెర్గూసన్ ట్రాక్టర్లలో 1950లలో వచ్చిన 35 మోడల్‌తో చేరింది. తన పరికరానికి మార్పు అవసరం లేదన్న పట్టుదల ఆయనకు బలమూ అయింది, బలహీనతా అయింది.

1953లో ఆయన సంస్థ కెనడాకు చెందిన మాసీ హారిస్‌తో విలీనమైంది. లెక్కల్లో పది లక్షల డాలర్ల తేడా వస్తే నాణెం ఎగరవేసి తేల్చుకున్నారు. ఫెర్గూసన్ ఓడిపోయారు. ఒకరి కింద ఇమడలేక 1954లో ఆయన ఆ సంస్థ నుంచి వైదొలగారు. తర్వాత నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే కార్ల పరిశోధనపై దృష్టి పెట్టారు. చివరి సంవత్సరాల్లో నిద్రలేమి, మానసిక కుంగుబాటు ఆయనను వెంటాడాయి. 1960 అక్టోబరు 25న ఇంగ్లండులోని తన నివాసంలో కన్నుమూశారు. మోతాదు మించిన నిద్రమందు వల్ల మరణం సంభవించినట్లు తేలినా, అది పొరపాటా, కాదా అన్నది విచారణలో తేలలేదు. ఆయన పరిశోధనతో రూపొందిన రేసు కారును 1961లో స్టిర్లింగ్ మాస్ విజయపథాన నడిపారు. దానిని చూసేందుకు ఆయన లేరు.

మన చేలలో ఆయన గుర్తు

ఆయన మరణించిన 1960లోనే మద్రాసులో మాసీ ఫెర్గూసన్ సహకారంతో టాఫే సంస్థ ఏర్పడింది. ఆ పేరుతో వచ్చిన ట్రాక్టర్లు తెలుగు పల్లెలకూ చేరాయి. పేటెంట్ల కాలం ఎప్పుడో తీరిపోయింది. నేడు ఏ కంపెనీ ట్రాక్టరు కొన్నా వెనుక మూడు లింకులే ఉంటాయి. పెద్ద ట్రాక్టర్లలో స్ప్రింగు స్థానంలో ఎలక్ట్రానిక్ సెన్సర్లు వచ్చినా సూత్రం మారలేదు.

సీటు పక్కనున్న రెండు లివర్లలో డ్రాఫ్ట్ కంట్రోల్ నాగలి దుక్కికి, పొజిషన్ కంట్రోల్ రోటావేటరుకు, చదును బ్లేడుకు ఉద్దేశించినవి. ఈ తేడా తెలిస్తే డీజిలూ మిగులుతుంది, దుక్కీ సమంగా వస్తుంది. మరొక జాగ్రత్త అంతకన్నా ముఖ్యం. పై లింకు బిగించే చోటికి గొలుసు తగిలించి మొద్దులనో, బురదలో దిగిన బండినో లాగితే ట్రాక్టరు నూరేళ్ల నాటి ఫోర్డ్‌సన్ మాదిరిగానే వెనక్కి తిరగబడుతుంది. లాగవలసిన దేనినైనా కింద ఉన్న డ్రాబారుకే తగిలించాలి. ఫెర్గూసన్ ఏళ్ల తరబడి శ్రమించింది రైతు ప్రాణం ట్రాక్టరు కింద పోకూడదనే. ఆ శ్రమకు ఫలితం దక్కాలంటే లివరు పట్టిన చేతికీ ఆ ఎరుక ఉండాలి.