కుర్ట్ హాన్: ఒక పంతులుగారి జీవితం



అడ్మిషన్ల రోజులొస్తే చాలు, ఇంటర్నేషనల్ స్కూల్ అనే మాట మీ అందరి చెవినా పడుతుంది. ఆ మాట వినగానే పెద్ద ఫీజు, ఇంగ్లీషు మాటలు గుర్తొస్తాయి. అయితే లాభం చూసుకోకుండా దేశదేశాల పిల్లల్ని ఒకచోట చదివించే బడులు కొన్ని ఉన్నాయి. వాటిని యునైటెడ్ వరల్డ్ కాలేజీలంటారు. వాటికి మూలపురుషుడైన కుర్ట్ హాన్ గురించి ఈసారి చెప్తాను.

హాన్ 1886 జూన్ 5న బెర్లిన్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. ఇంటి భాష జర్మన్. పై చదువు ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లోనూ, జర్మనీలోనూ సాగింది. కుర్రతనంలో తగిలిన వడదెబ్బ వల్ల జీవితాంతం ఆయనకు ఎండ పడేది కాదు. 1920లో ప్రిన్స్ మాక్స్ అండతో సేలంలో ఒక బడి పెట్టారు. ఇది మన తమిళనాడు సేలం కాదండోయ్, దక్షిణ జర్మనీలోని ఊరు.

1932లో హిట్లర్ మనుషులు కొందరు ఒక కార్మికుణ్ణి తల్లి కళ్లెదుటే కొట్టి చంపారు. కోర్టు వాళ్లకు శిక్ష వేస్తే, హిట్లర్ వాళ్లనే వెనకేసుకొచ్చాడు. నోరు మూసుకుని ఊరుకుంటే హాన్‌కు బడీ దక్కేది, ప్రాణానికీ భయముండేది కాదేమో. ఆయన ఊరుకోలేదు. హిట్లర్‌ దళాల్లో ఉన్నవాళ్లు ఆయన్నైనా వదలండి, సేలం బడినైనా వదలండి అని పాత విద్యార్థులకు ఉత్తరం రాశారు. 1933 మార్చిలో ఆయన్ను జైల్లో పెట్టారు. బ్రిటన్ ప్రధాని కలగజేసుకున్నాక విడుదలై, అదే ఏడు జులైలో బ్రిటన్ చేరారు.

అప్పటికి ఆయనకు 47 ఏళ్లు. దేశమూ పోయింది, బడీ పోయింది. అయినా 1934లో స్కాట్లండులో, పరాయి భాషలో, గార్డన్‌స్టన్ అనే బడి మొదలుపెట్టారు. తరవాత ఎలిజబెత్ రాణికి భర్త అయిన ఫిలిప్ అక్కడి తొలి విద్యార్థుల్లో ఒకరు. ఆ బడిలో చదువుతో పాటు సముద్రతీరంలో కాపలా కాయడం కూడా పిల్లల పనే.

1955లో హాన్ పారిస్‌లోని ఒక సైనిక కళాశాలకు వెళ్లారు. పదేళ్ల కింద ఒకరినొకరు చంపుకున్న దేశాల అధికారులు అక్కడ ఒకే బల్ల దగ్గర కూర్చుని పని చేస్తున్నారు. పెద్దవాళ్లకే సాధ్యమైతే పదహారేళ్ల పిల్లలకు ఎందుకు కాదు అనిపించిందాయనకు. ఆ ఆలోచనే 1962లో వేల్స్‌లో సముద్రం ఒడ్డు కోటలో అట్లాంటిక్ కాలేజీ అయింది. అక్కడి విద్యార్థులు పడవ వేసుకుని, సముద్రంలో ఆపదలో ఉన్నవాళ్లను కాపాడేవారు.

హాన్ 1974 డిసెంబరు 14న జర్మనీలోనే కన్నుమూశారు. అట్లాంటిక్ కాలేజీతో మొదలైన ఈ బడులు ఇప్పుడు 18 అయ్యాయి. 1997లో మహారాష్ట్రలో పుణే దగ్గర కూడా ఒకటి వచ్చింది. బోధన ఎక్కువగా ఇంగ్లీషులోనే. ఫీజు తక్కువేమీ కాదు, కానీ కుటుంబ స్థోమత చూసి స్కాలర్‌షిప్ ఇచ్చే పద్ధతి ఉంది. ఇంకొక సంగతి గమనించండి. అక్కడి ఐబీ చదువులో పిల్లలు తమ మాతృభాషా సాహిత్యాన్ని ఒక సబ్జెక్టుగా చదువుకునే వీలుంది. ఇంటి భాషను గేటు బయట వదిలి రమ్మనరు.

తల్లిదండ్రులారా, మీ పిల్లల్ని ఏ బడిలో వేసినా నాకు సంతోషమే. వేసేముందు మాత్రం మూడు సంగతులు అడగండి. మా పిల్ల పక్కన ఎలాంటి ఇళ్ల పిల్లలు కూర్చుంటారు? ఇతరుల కోసం ఆమె చేత ఏ పని చేయిస్తారు? మా భాషకు అక్కడ ఏం చోటుంది? జవాబులు విన్నాకే బోర్డు మీది పేరు చూడండి.

పిల్లలూ, రేపు మ్యాపులో బెర్లిన్, సేలం, స్కాట్లండు, వేల్స్, పుణే గుర్తుపెట్టి మీ క్లాసు టీచరుకు చూపించండి.

— ప్రధానోపాధ్యాయుడు