ధాన్యకటకంలో చదువుకున్న చీనా భిక్షువు

చిన్ననాడు బడిలో చరిత్ర పాఠం చదివిన మనందరికీ హ్యూయన్‌త్సాంగ్ పేరు తెలుసు. హర్షుని కాలంలో వచ్చిన చీనా యాత్రికుడని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం, ఆపైన మరచిపోయాం. ఆయన మన కృష్ణాతీరానికి వచ్చి కొన్ని నెలలు విద్యార్థిగా ఉన్నాడన్న సంగతి మనలో కొద్దిమందికే తెలుసు. పరదేశంలో కాపురముంటున్న మనం ఆ మహనీయుని జీవితాన్ని ఒకసారి స్మరించుకోవడం ఉచితమని మాకు తోచింది.

క్రీ.శ. 602 ప్రాంతంలో లోయాంగ్ నగర సమీపాన ఒక పండిత కుటుంబంలో ఆయన జన్మించాడు. అన్నగారు బౌద్ధ భిక్షువు. ఆయన అడుగుజాడల్లోనే పదమూడో ఏట విహారంలో చేరాడు. 618లో సూయ్ రాజవంశం కూలిపోయి దేశం అల్లకల్లోలమైనప్పుడు అన్నదమ్ములిద్దరూ పడమటి సీమకు తరలిపోయారు.

బుద్ధుని నాటికీ ఆ నాటికీ వెయ్యేళ్లకు పైగా గడిచాయి. దుఃఖానికి మూలం తృష్ణ అనీ, అష్టాంగమార్గం వల్ల దాన్ని జయించవచ్చుననీ ఆయన బోధించిన ధర్మం వర్తకుల వెంట, భిక్షువుల వెంట మధ్య ఆసియా ఎడారులు దాటి చీనా చేరింది. కాని అది ముక్కలు ముక్కలుగా చేరింది. ఒక్కో అనువాదం ఒక్కో విధంగా ఉండేది. ప్రతి ప్రాణికీ బుద్ధత్వం లభిస్తుందా, కొందరికే ఆ అర్హత ఉన్నదా అని అడిగితే గురువులు తలో మాట చెప్పేవారు. మూలగ్రంథాలు చూస్తే తప్ప సందేహం తీరదని యువభిక్షువు నిశ్చయించుకున్నాడు.

అప్పట్లో దేశం దాటి వెళ్లడానికి రాజాజ్ఞ లేదు. అయినా 629లో రహస్యంగా బయలుదేరాడు. ఎడారిలో నీళ్లతిత్తి చేజారి ఒలికిపోయింది. వెనుదిరిగి కొంతదూరం నడిచి, మాట తప్పడం కన్న మరణమే మేలనుకొని మళ్లీ పడమటికి మళ్లాడు. తుర్ఫాన్ రాజు తన కొలువులోనే ఉండిపొమ్మని నిర్బంధిస్తే అన్నపానాలు మాని, ఆ రాజు చేతనే వీడ్కోలు చెప్పించుకున్నాడు. బామియాన్ కొండల్లో మహా బుద్ధవిగ్రహాలను దర్శించాడు. 2001లో కూల్చివేతకు గురైన విగ్రహాలు అవే. కాశ్మీరంలో రెండేళ్లు చదివి, చివరకు నలందా చేరి, వయోవృద్ధుడైన శీలభద్రుని పాదాల చెంత యోగాచార శాస్త్రం అభ్యసించాడు.

అంతటితో తృప్తిపడక దక్షిణానికి వచ్చాడు. 640 ప్రాంతంలో వేంగి మీదుగా ధాన్యకటకం చేరాడు. అది అమరావతి పక్కనున్న నేటి ధరణికోట అని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఆంధ్రదేశపు భాష మధ్యదేశపు భాషకు వేరనీ, లిపి మాత్రం చాలావరకు ఒకటేననీ ఆయన గమనించాడు. ఊరికి తూర్పునా పడమరా కొండల మీద పూర్వశైల, అపరశైల విహారాలుండేవి. కాని విహారాలలో చాలాభాగం అప్పటికే పాడుపడి ఉన్నాయి. సుమారు ఇరవై మాత్రం నడుస్తున్నాయి. అక్కడ సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు భిక్షువుల వద్ద కొన్ని నెలలు మహాసాంఘిక అభిధర్మం చదివాడు. వారికి తాను మహాయాన శాస్త్రాలు చెప్పాడు. గురువెవరో శిష్యుడెవరో తేడా లేని చదువు అది!

తిరుగు ప్రయాణంలో సింధునది దాటుతుండగా పడవ ఊగి యాభై గ్రంథాలు నీటిపాలయ్యాయి. ఇంటికి చేరాక కూడా వాటి దిగులు ఆయనను వదల్లేదు. పోయిన వాటి జాబితా రాసి పంపించమని నలందాకు ఉత్తరం రాశాడు. 645లో రాజధాని చాంగాన్ చేరేసరికి ఆయన వెంట 657 గ్రంథాలున్నాయి. చక్రవర్తి ఉన్నతోద్యోగం ఇస్తానంటే వద్దని, మిగిలిన పందొమ్మిదేళ్లూ అనువాదానికే ధారపోశాడు. దాదాపు 75 గ్రంథాలు చీనా భాషలోకి తెచ్చి, 664లో కన్నుమూశాడు.

ఆయన శ్రమ ఫలితం చూడండి. మన దేశంలో సంస్కృత మూలం నశించిన మహావిభాష వంటి గ్రంథాలు నేడు ఆయన అనువాదంలోనే బతికి ఉన్నాయి. ఆయన శిష్యుల ద్వారా ఆ విద్య జపానుకూ పాకింది. మన దేశంలో మనమే మరచిన బౌద్ధ క్షేత్రాలెన్నింటినో పందొమ్మిదో శతాబ్దిలో పురావస్తు శాస్త్రజ్ఞులు ఆయన యాత్రాగ్రంథం చేతబట్టుకొనే గుర్తించారు.

అయితే ఒక్క సంగతి మన మనస్సును కలచివేస్తుంది. ధాన్యకటకంలో ఆయన చదివిన మహాసాంఘిక అభిధర్మం ఆయన అనువాదాలలో కనబడదు. పందొమ్మిదేళ్లూ చాలలేదు కాబోలు. ఇక్కడ చూస్తే ఆ విహారాలూ నిలవలేదు, ఆ గ్రంథాలూ నిలవలేదు. మనవారు ఆయనకు చెప్పిన పాఠం ఉభయత్రా లోపించింది.

ఆ విహారాలు ఒక్క రోజున ఖాళీ అయి ఉండవు. చదివేవారు ఒక్కొక్కరే తగ్గి ఉంటారు. సముద్రాలు దాటి వచ్చిన మనమూ కొంత మూట కట్టుకొని వచ్చాం. అందులోని మాటలు, పద్యాలు, కథలు పిల్లలకు చెప్పే పని రేపటికి వాయిదా వేస్తున్నామేమో, ఈ పండుగనాడు ఒక్కసారి ఆలోచించుకుందాం.