చేపల కంటే ముందు నాచు: ఫిలిప్ హెన్రీ గాస్ కథ



ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టినవాళ్లకు ఈ అనుభవం తప్పదు. మొదటి వారం నీళ్లు తేటగా మెరుస్తుంటాయి. రెండో వారమో మూడో వారమో ఇసుక మీద, గాజు మీద గోధుమ రంగు పొర పడుతుంది. దాని వెనకే ఆకుపచ్చ పాచి. కిందటేడాది మా ఆరో తరగతి తొట్టెలోనూ ఇదే జరిగింది. పేరెంట్స్ మీటింగ్ దగ్గరపడుతోందని కంగారుపడి నీళ్లన్నీ పారబోయించాను, రాళ్లూ ఇసుకా కుళాయి కింద కడిగించాను. అదీ రెండుసార్లు. పాచి రెండుసార్లూ తిరిగొచ్చింది, చేపలు మాత్రం మిగల్లేదు. తప్పు నాదే. ఆ తర్వాతే గాస్ గురించి చదివాను.

మీరు అక్వేరియం అని ఏ అర్థంలో అంటున్నారో, ఆ అర్థంలో ఆ మాటను జనంలోకి తెచ్చింది ఆయనే. 1810లో ఇంగ్లండ్‌లో పుట్టారు. తండ్రి ఊరూరా తిరిగి చిన్న చిన్న బొమ్మలు గీసే చిత్రకారుడు, ఇంట్లో డబ్బు అంతంతమాత్రం. పదిహేడేళ్లకే గుమాస్తా పనికి న్యూఫౌండ్‌లాండ్ ఓడ ఎక్కారు. ఎనిమిదేళ్లు లెక్కలు రాస్తూ, ఖాళీ దొరికినప్పుడల్లా పురుగుల్ని పరిశీలించారు. తర్వాత కెనడాలో వ్యవసాయం చేసి నష్టపోయారు. 1838లో అమెరికాలోని అలబామాలో కొన్ని నెలలు బడిపంతులు. ఇంగ్లండ్ తిరిగొచ్చాక లండన్ శివార్లలో చిన్న బడి నడిపారు. (ఆయన కూడా టీచరే అని తెలిసినప్పుడు నాకు కాస్త ధైర్యం వచ్చిన మాట నిజం.)

1852లో ఆరోగ్యం దెబ్బతిని డెవన్ సముద్రతీరానికి వెళ్లారు. అక్కడ రాళ్ల మధ్య నిలిచిన నీటి గుంటల్లో దొరికిన జీవుల్ని ఇంట్లో బతికించడం ఎలా అన్నదే ఆయన ప్రశ్న. నీటిమొక్కలు, జంతువులు ఒకదాని ఊపిరికి ఒకటి ఆధారమన్న సంగతి రాబర్ట్ వారింగ్టన్ వంటివారు అప్పటికే చూపించారు. గాస్ దాన్ని సముద్రపు నీటిలో సాధన చేశారు. 1853లో లండన్ జూలో ప్రపంచంలోనే మొదటి పబ్లిక్ అక్వేరియం తెరిచినప్పుడు అందులోని జీవులు చాలావరకు ఆయన పంపినవే. 1854లో పుస్తకం వచ్చింది, పేరు ‘ది అక్వేరియం’.

సముద్రానికి దూరంగా ఉన్నవాళ్ల కోసం నాలుగు రకాల లవణాలు కలిపి ఉప్పునీరు తయారుచేసే పద్ధతి కూడా చెప్పారాయన. నన్ను ఆపింది ఆ ప్రయోగమే. నీళ్లు తయారయ్యాయి, జంతువులూ సిద్ధంగా ఉన్నాయి. అయినా వాటిని వెంటనే వదల్లేదు. ముందు ఉల్వా అనే పచ్చని సముద్రపు నాచును వేసి, దాని బీజాలు నీళ్లంతా పరుచుకునేదాకా కొన్ని రోజులు ఆగారు. నేను భయపడి కడిగేసినదాని కోసం ఆయన ఎదురుచూశారన్నమాట! గాజు మీద పాచి ఎక్కువైతే సముద్రపు నత్తల్ని వదిలేవారు. నత్త నాలుక పాచిని గీకుతూ పోతుంటే, కొడవలితో గడ్డి కోసినట్టు గాజు మీద చాళ్లు పడటాన్ని చూసేవారు.

గాస్ కాలానికి తెలియని సంగతి ఒకటుంది. చేపల వ్యర్థాల్లోని అమ్మోనియాను మార్చేసే బ్యాక్టీరియా రాళ్ల మీద, ఇసుకలో స్థిరపడటానికి కొన్ని వారాలు పడుతుంది. పాచి పొర కూడా ఆ వారాల్లోనే వస్తుంది. కుళాయి నీళ్లతో కడిగితే, అందులోని క్లోరిన్‌కు ఆ బ్యాక్టీరియా పోయి మళ్లీ మొదటికే వస్తాం. లైటు గంటలు తగ్గించండి, మేత తగ్గించండి, నీళ్లు వారానికి కొద్దికొద్దిగా మార్చండి, గాజు వరకే తుడవండి. అంతకుమించి ముట్టుకోకండి.

గాస్ కథలో చేదు భాగం కూడా మీకు చెప్పాలి. ఆయన పుస్తకాలు చదివిన కుటుంబాలు బుట్టలు, జాడీలు పట్టుకుని రైళ్లెక్కి డెవన్ తీరానికి వచ్చిపడ్డాయి. కొన్నేళ్లకే ఆ గుంటలు ఖాళీ అయ్యాయి. దానికి కారణం తానేనన్న బాధ ఆయనను వెంటాడిందని కొడుకు ఎడ్మండ్ 1907లో తన పుస్తకంలో రాశారు. అప్పటికి తండ్రి పోయి 19 ఏళ్లు.

ఉల్వా మన విశాఖ రాళ్ల మీదా పెరుగుతుంది. ఇక్కడి తీరపు నాచుల మీద ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు చేసిన అధ్యయనం 1964లోనే ‘జర్నల్ ఆఫ్ ఎకాలజీ’లో అచ్చయింది. ఆదివారం పిల్లల్ని తెన్నేటి పార్కు కిందికో రుషికొండకో తీసుకెళ్తే, సముద్రం వెనక్కి తగ్గిన వేళ ఆ గుంటలు చూపించండి. సీసా మాత్రం ఇంట్లోనే వదిలేయండి.

ఈ ఏడాది మా తొట్టెకు పదకొండో రోజు. గోధుమ రంగు పొర పడింది, పిల్లలు రోజూ నోట్‌బుక్‌లో దాని బొమ్మ గీస్తున్నారు. చేప ఎప్పుడొస్తుందని మీ ఇంట్లో అడిగితే వచ్చే నెల అని చెప్పండి. దయచేసి ఎవరూ చేపలు కొని పంపకండి.