కాటి సీనులోని కవి

నూజివీడు మామిడి సీమలో పద్యనాటకం అనగానే ముందుగా గుర్తుకొచ్చేది సత్య హరిశ్చంద్ర. ఆగిరిపల్లిలోనైనా, విస్సన్నపేటలోనైనా, మైలవరంలోనైనా పందిట్లో జనం నిద్ర ఆపుకుని ఎదురుచూసేది కాటి సీను కోసమే. రాజ్యం పోగొట్టుకున్న రాజు వీరబాహుడికి అమ్ముడుపోయి, కాశీ శ్మశానానికి కాపలా కాసే ఘట్టం అది. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంత కవిది. అయితే ఆ సీనులో జనం వన్స్‌మోర్ కొట్టి మళ్లీ మళ్లీ పాడించుకునే శ్మశాన పద్యాలు గుర్రం జాషువావి. ఆయన ఖండకావ్యాల నుంచి నటులు వాటిని తెచ్చి నాటకంలో కలుపుకున్నారు. రాజు అంటరానివాడి కొలువులో నిలబడిన చోట, నిజంగా అంటరానివాడిగా పుట్టిన కవి మాట వినిపిస్తుంది. చప్పట్లు కొట్టే చేతుల్లో ఎన్నింటికి ఈ సంగతి తెలుసునన్నది నన్ను చాలాకాలంగా వేధిస్తున్న ప్రశ్న.

జాషువా 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టాడు. తండ్రి వీరయ్య యాదవుడు, తల్లి లింగమ్మ మాదిగ. రెండు కులాల మధ్య పుట్టిన బిడ్డకు సమాజం కింది కులాన్నే ఖాయం చేసింది. యౌవనంలో వినుకొండలోనే ఒక అవధాన సభలో పద్యం చదివితే, ఇతణ్ని సభలోకి ఎవరు రానిచ్చారని అవమానించారు. హిందూ పురాణ కథలను కావ్యాలుగా రాసినందుకు క్రైస్తవ సమాజమూ ఆయనను దూరం పెట్టింది. పద్యం రాయడానికి ఆయనకు ఎవరి అనుమతీ అవసరం కాలేదు. దాన్ని పదిమందిలో నిలబడి వినిపించడానికి మాత్రం ప్రతిసారీ పుట్టుక అడ్డొచ్చింది.

మిషనరీ బడిలోని చిన్న ఉద్యోగం పోయాక, 1915-16 ప్రాంతంలో జాషువా రాజమహేంద్రవరం చేరి మూకీ సినిమాలకు వాచకుడయ్యాడు. తెరమీద బొమ్మ కదులుతుంటే పక్కన కథనూ సంభాషణలనూ చదివి వినిపించడం ఆ పని. ఆయన జీవితంలో ఈ ఘట్టాన్ని విమర్శకులు ఒక వాక్యంతో దాటేస్తారు. నాకు మాత్రం ఇది కీలకంగా కనిపిస్తుంది. చీకటి హాలు, టిక్కెట్టు కొన్న జనం, వాళ్లందరికీ కథ చెబుతున్న ఒక గొంతు. వినుకొండ సభలో మనిషిని చూసి పద్యాన్ని కాదన్నారు. ఇక్కడ మనిషి కనబడలేదు కనుక గొంతు చెల్లింది. 1957 నుంచి 1959 వరకు మద్రాసు ఆకాశవాణిలో పనిచేసినప్పుడు కూడా, అది గొంతుకే చోటున్న సంస్థ.

1941లో వచ్చిన గబ్బిలం ఈ అనుభవానికే కావ్యరూపం. గుడిలోకి గబ్బిలం పోగలదు, దళితుడు పోలేడు. అందుకే తన మొర శివుడికి చేరవేయమని ఆ కావ్యంలోని అభాగ్యుడు గబ్బిలాన్ని బతిమాలుకుంటాడు. గుడికి బదులు సభ అనుకున్నా, నాటకశాల అనుకున్నా వాదన మారదు. తరువాత గౌరవాలూ వచ్చాయి. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి స్వయంగా జాషువా కాలికి గండపెండేరం తొడిగారు. 1964లో శాసనమండలి సభ్యత్వం, క్రీస్తు చరిత్రకు సాహిత్య అకాడమీ పురస్కారం, 1970లో పద్మభూషణ్ దక్కాయి. 1971 జూలై 24న గుంటూరులో ఆయన కన్నుమూశాడు.

మా మామిడి తోటల ఊళ్లలో నాటకానికి టిక్కెట్టు ఉండేది కాదు. అయినా చాప ఎక్కడ పరచుకోవాలో మా పేటవాళ్లకు ఎవరూ చెప్పకుండానే తెలుసు. పగలు ఏ తోటలో కాయ కోసి బుట్టలు మోశారో, ఆ తోట యజమాని కూర్చున్న వరసకు రాత్రి ఎంత ఎడంగా కూర్చోవాలో కూడా తెలుసు. చదువుకోసం హైదరాబాదు వెళ్లాక రవీంద్రభారతిలో మొదటిసారి టిక్కెట్టు మీద అంకె చూసి కుర్చీ వెతుక్కున్నాను. పక్కన కూర్చున్నవారు నా ఇంటిపేరు అడగలేదు. ఆట అయ్యాక అర్ధరాత్రి బస్‌స్టాపు దాకా నడిచి వస్తుంటే కలిగిన నిబ్బరం మా ఊరి వీధిలో ఏనాడూ కలగలేదు. పల్లెను వదిలి నగరానికి పొమ్మని అంబేడ్కర్ ఎందుకన్నాడో ఆ నిబ్బరమే నాకు అర్థం చేయించింది.

అయితే ఆ భద్రతకు హద్దులున్నాయి. నాకు కుర్చీ ఇచ్చిన నగరంలోనే అద్దె ఇంటి కోసం తిరిగితే కులం అడిగారు. టిక్కెట్టు ఉంటే చాలన్న నమ్మకాన్ని చుండూరు ఎప్పుడో చెరిపేసింది. 1991 జూలైలో అక్కడి సినిమా హాలులో ఒక దళిత యువకుడి కాలు అగ్రకుల యువకుడికి తగిలిందన్న గొడవ సాంఘిక బహిష్కరణగా మారింది. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. 2007లో ప్రత్యేక న్యాయస్థానం విధించిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టివేసింది. ఆ యువకుడూ టిక్కెట్టు కొన్నవాడే. తెరముందు అందరూ సమానమన్న మాట హాలు చీకటిగా ఉన్నంతసేపే నిజమైతే, దీపాలు వెలిగాక మిగిలేది వినుకొండ సభే.

నూజివీడు ట్రిపుల్ ఐటీ నుంచి, చుట్టుపక్కల కాలేజీల నుంచి ఏటా ఎందరో దళిత, బహుజన విద్యార్థులు మహానగరాలకు పోతున్నారు. నాటకశాలలకు వెళ్లండి, సినిమాలకు వెళ్లండి, రాత్రి ధైర్యంగా నడిచి రండి అని వాళ్లతో అంటాను. అది విలాసం కాదు, పౌరహక్కు. కానీ నగరం మనల్ని గుర్తుపట్టకపోవడం వేరు, గుర్తుపట్టి కూడా పక్కన కూర్చోవడం వేరు. మొదటిది ఊరట మాత్రమే. జాషువా జీవితమంతా అడిగింది రెండోది. ఆ పని మా పందిళ్లలోనే మొదలుకావచ్చు. కాటి సీనుకు ముందు మైకులో ఈ పద్యాలు గుర్రం జాషువావని ప్రకటించాలి. ఆ ప్రకటన వినడానికి మా పేటవాళ్ల చాపలు ముందు వరసలో పడాలి.