కర్నల్ సి. కె. నాయుడు: ఆట ఒక పద్దు, జీతము వేఱొక పద్దు

మన శంకర్ నగర్ వీధులలో సాయంకాల వేళ పిల్లలు ప్రహరీగోడపై బొగ్గుతో మూడు గీతలు గీచి, అదియే వికెట్టుగా భావించి ఆడుకొనుచుండుట మనమందఱము చూచుచున్నదే. ఆ పిల్లలకు ఆటగాండ్ర పేర్లతోపాటు వారి వెలలు కూడ కంఠస్థములు. ఎవరిని ఏ జట్టు ఎన్ని కోట్లకు కొన్నదో ఎక్కములవలె అప్పగింతురు. 2024 నవంబరులో జరిగిన ఐ.పి.ఎల్. వేలములో రిషభ్ పంత్ 27 కోట్ల రూపాయలకు పోయిన సంగతి నాకు మొదట తెలిపినది వార్తాపత్రిక కాదు, మా పొరుగింటి బాలుడు. ఆ సంఖ్య వినినపుడు నా మనస్సునకు తోచినది మఱియొక ఆటగాని పేరు. ఆయన తెలుగువాడు; భారతదేశపు తొలి టెస్టు జట్టునకు నాయకుడు. ఆయన ఆట చూచుటకు జనము మేడలెక్కిరి, చెట్లెక్కిరి. అయినను ఆయన సంసారము గడచినది ఆట వలన వచ్చిన జీతముతో కాదు, ఒక సంస్థానాధీశుడు ఇచ్చిన సైనికోద్యోగముతో. ఆయనయే కర్నల్ కొట్టారి కనకయ్య నాయుడుగారు.

నాయుడుగారు 1895 అక్టోబరు 31వ తేదీన నాగపురమున జన్మించిరి. నాగపురము అప్పటి సెంట్రల్ ప్రావిన్సెస్‌కు రాజధాని. మన రాయపూరు ఆ రాష్ట్రములోనిదే. 1956 నవంబరు 1న రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ జరుగువఱకు ఈ ఊరి దస్త్రములు నాగపురమునకే పోవుచుండెను. కావున నాయుడుగారిని మన పాత రాష్ట్రమువారని చెప్పుకొనుటకు మనకు హక్కు కలదు. వారి కుటుంబము ఆంధ్రదేశమునుండి వచ్చి నాగపురమున స్థిరపడినది. పితామహులు న్యాయవాదులు, భూవసతి గలవారు. తండ్రిగారు కేంబ్రిడ్జిలో చదివిన న్యాయవాదులు. ఉద్యోగరీత్యా ఆంధ్రమునకు దూరముగా వచ్చి, ఇంట తెలుగు, వీధిలో హిందీ, కచేరీలో ఆంగ్లము మాటలాడుచు బ్రతుకుచున్న మనవంటివారికి ఆ కుటుంబపు కథ క్రొత్తది కాదు.

ఆ దినములలో మన దేశమున పెద్ద క్రికెట్ అనగా బొంబాయిలో జరుగు చతుర్జట్టు పోటీలే. యూరపియనులు, పార్సీలు, హిందువులు, ముస్లిములు వేఱువేఱు జట్లుగా ఆడుచుండిరి. నాయుడుగారు 1916లో హిందువుల జట్టున ప్రవేశించి, యూరపియనులపై తాము సాధించిన మొదటి పరుగులను సిక్సరుగానే సాధించిరి. పొడవైన విగ్రహము, నిటారైన నడక, బంతిని ఎత్తి కొట్టుటకు వెఱవని స్వభావము, ఇవి ఆయనను మొదటినుండియు జనమునకు ప్రియుని చేసినవి.

కాని జనప్రియత్వము కడుపు నింపదు. ఆనాటి ఇంగ్లండులో ఆటగాండ్రు రెండు తెగలు. ధనాపేక్ష లేక వినోదమునకై ఆడువారు అమెచ్యూర్లు. కూలికి ఆడువారు ప్రొఫెషనల్సు. మైదానములోనికి వచ్చు ద్వారములు సైతము పెక్కుచోట్ల వేఱు; స్కోరుపట్టికలో ఒకరి పేరు వ్రాయు తీరు వేఱు, రెండవవారిది వేఱు. ఆ భేదము 1962లో గాని తొలగలేదు. మన దేశమునకు ఆ మర్యాదయే దిగుమతి యైనది. ఆటకు కూలి పుచ్చుకొనుట తక్కువతనము. కూలి లేక ఆడుట ధనికులకే సాధ్యము. ఇక మధ్యతరగతివాడు ఏమి చేయవలెను? ఈ చిక్కుముడిని మన సంస్థానాధీశులు తమకు తోచిన రీతిని విప్పిరి. ఆటగానిని ఉద్యోగిగా నియమించుకొనుట, ఆటకై సెలవిచ్చుట. జీతము ఉద్యోగపు పద్దులో పడును. కీర్తి సంస్థానపు పద్దులో పడును.

1923లో ఇందూరు ప్రభువైన మహారాజా తుకోజీరావు హోల్కరు నాయుడుగారిని పిలిపించి తమ సైన్యమున అధికారిగా నియమించిరి. అనంతరకాలమున కర్నల్ అను బిరుదము ఆయన పేరునకు విడదీయరాని భాగమైనది. హోల్కరుల ఔదార్యము మెచ్చదగినదే. కాని ఒక్క విషయము ఆలోచింపుడు. 1926లో తుకోజీరావు మహారాజుగారు సింహాసనమును విడువవలసి వచ్చి, కుమారుడు యశ్వంతరావుగారికి పట్టము కట్టిరి. నాయుడుగారి అదృష్టవశమున క్రొత్త ప్రభువులకును క్రికెట్‌పై ఆదరము కలదు. ఆ ఆదరమే లేకపోయినచో ఏమై యుండెడిది? అట్టి సందర్భమున ఆటగానికి చెప్పుకొనుటకు నియమావళి లేదు, విన్నపము వినుటకు పై అధికారి లేడు.

ఆ 1926వ సంవత్సరముననే నాయుడుగారి పేరు దేశమంతట మాఱుమ్రోగెను. ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వమున ఎం.సి.సి. జట్టు మన దేశమునకు వచ్చినది. బొంబాయి జింఖానా మైదానమున హిందువుల జట్టుతో జరిగిన పందెమున నాయుడుగారు రెండు గంటలలోపుననే 153 పరుగులు చేసిరి. అందులో 11 సిక్సర్లు. వార్త వ్యాపించిన కొలది జనము పనులు విడిచి మైదానమునకు పరుగిడిరి. అతిథులు సంతసించి ఆయనకు వెండి బ్యాటు బహూకరించిరి. భారతీయులు అంతర్జాతీయ పందెములకు తగుదురను నమ్మకము ఆ ఆటతో బలపడినది. 1928 డిసెంబరులో భారత క్రికెట్ నియంత్రణ మండలి ఏర్పడినది.

మండలి ఏర్పడినది గాని దానికి బొక్కసము లేదు. విదేశయాత్ర చేయవలెనన్న ఓడ ఖర్చు, బస ఖర్చు ఎవరైన ధనవంతులు భరింపవలెను. 1932 ఇంగ్లండు యాత్రకు ముందు విజయనగర మహారాజకుమారులు, లోకము విజ్జీ అని పిలిచిన విజయానందగజపతిగారు, మండలికి 50,000 రూపాయల విరాళము ప్రకటించిరి. ధనమిచ్చువారికి నాయకత్వముపై కోరిక కలుగుట సహజము. జట్టునకు నాయకులుగా పోరుబందరు మహారాజుగారు, ఉపనాయకులుగా లింబ్డీ రాజకుటుంబమువారు నియమితులైరి. అయితే లార్డ్స్ మైదానమున తొలి టెస్టు సమీపించునప్పటికి పోరుబందరువారు తమకంటె సమర్థులకు చోటిచ్చి తప్పుకొనిరి. అది వారి ఔన్నత్యము. లింబ్డీవారు గాయపడియుండిరి. ఈ విధముగా 1932 జూన్ 25న భారతదేశపు తొలి టెస్టు జట్టును మైదానములోనికి నడిపించు భాగ్యము నాయుడుగారికి లభించినది. చేతికి గాయమైనను మొదటి ఇన్నింగ్సులో ఆయన చేసిన 40 పరుగులే జట్టులో అధికము. ఆ యాత్రలో ఫస్ట్‌క్లాస్ పందెములందు ఆయన 1,618 పరుగులు చేసి, 65 వికెట్లు తీసిరి. 1933లో విజ్డెన్ ఆయనను ఆ యేటి ఐదుగురు ఉత్తమ ఆటగాండ్రలో ఒకనిగా ఎన్నుకొనినది.

నాలుగేండ్ల తరువాత కథ తలక్రిందులైనది. 1936 ఇంగ్లండు యాత్రకు నాయకత్వము విజ్జీగారికి దక్కినది. నాయుడుగారు ఆయన క్రింద ఆడవలసి వచ్చినది. ఇరువురును తెలుగువారే, ఒకరు ధనము వెచ్చించినవారు, ఒకరు ఆట నేర్చినవారు. జట్టు వర్గములుగా చీలినది. లాలా అమర్‌నాథ్‌ను నడుమ ఇంటికి పంపివేసిరి. మూడు టెస్టులలో విజ్జీగారు చేసినవి మొత్తము 33 పరుగులు. అనంతరము మండలి నియమించిన బోమాంట్ సంఘము ఆయన నాయకత్వమును తప్పుపట్టినది. నాయుడుగారు మాత్రము ఓవల్ మైదానమున తమ చివరి టెస్టులో, వేగపు బంతి దెబ్బకు ఓర్చి నిలిచి, 81 పరుగులు చేసి బదులు చెప్పిరి. విజ్జీగారిని నిందించుట నా ఉద్దేశము కాదు. ఆయన ధనము లేనిచో అనేకులకు ఆడు అవకాశమే రాకపోయెడిది. తప్పు వ్యక్తిది కాదు, ఏర్పాటుది. ఆటకు ధనము దానముగా వచ్చినంతకాలము దాత మాటయే నియమమగును.

మైదానముల సంగతియు ఇట్టిదే. 1937లో ప్రారంభమైన బొంబాయి బ్రేబోర్న్ స్టేడియమునకు సముద్రమునుండి పూడ్చి తీసిన ప్రభుత్వభూమిని గవర్నరుగారి చలవతో చదరపు గజము పదమూడున్నర రూపాయల చొప్పున క్లబ్బునకు ఇచ్చిరి. మైదానమునకు గవర్నరు పేరు నిలిచినది. భూమి ప్రజలది, పేరు పాలకునిది, మైదానము క్లబ్బుది. ఆటగానికి మిగిలినది చప్పట్లు. 1941లో నాయుడుగారు బాత్‌గేట్ కంపెనీవారి లివర్ టానిక్ ప్రకటనలో కనిపించిరి. మన క్రికెట్ ఆటగాండ్రలో సరకునకు పేరు అరువిచ్చినవారిలో ఆయనయే ప్రథములని చెప్పుదురు. తన కీర్తికి తానే వెల పుచ్చుకొనుట ఆయనకు అప్పుడు గాని సాధ్యపడలేదు. అప్పటికి వయస్సు 45 దాటినది.

వయస్సు ఆయనను ఆపలేదు. ముస్తాక్ అలీ, సర్వటే మొదలగువారితో ఆయన తీర్చిన హోల్కరు జట్టు 1945-46, 1947-48, 1950-51, 1952-53 సంవత్సరములలో నాలుగుమారులు రంజీ ట్రోఫీ గెలిచినది. ఏబదవ యేట బరోడాపై ఆయన చేసిన 200 పరుగులే ఆయన జీవితములో అత్యధికము. కాని సంస్థానము 1948లో మధ్యభారత్‌లో విలీనమైనది; మఱి కొన్ని ఏండ్లకు హోల్కరు జట్టును కాలగర్భమున కలిసినది. ప్రభువు పోయిన పిమ్మట ప్రభువు ఆదరించిన జట్టు నిలువలేదు. 1953-54లో ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ పోటీలలో దిగినపుడు నాయుడుగారు, అప్పటికి 58 ఏండ్లవారు, మన జట్టునకు నాయకత్వము వహించిరి. 1956లో పద్మభూషణ్ పొందిన తొలి క్రికెట్ ఆటగాడు ఆయనయే. 1967 నవంబరు 14న ఇందూరులో దివంగతులైరి.

ఆయన తరువాత పద్దులు మాఱుటకు చాలకాలము పట్టినది. 1983లో ప్రపంచకప్పు గెలిచిన జట్టునకు బహుమాన మిచ్చుటకు మండలివద్ద ధనము లేక, లతా మంగేష్కర్ గారి సంగీతసభ జరిపి తలకొక లక్ష రూపాయలు ఇచ్చిరి. దూరదర్శన ప్రసారపు హక్కులకు వెల పెరిగిన పిమ్మటనే లక్ష్మి మైదానమున అడుగిడినది. 2023 మొదలు 2027 వఱకు ఐ.పి.ఎల్. ప్రసారహక్కులు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడైనవి. 2022లో మాజీ టెస్టు ఆటగాండ్ర పింఛను నెలకు 37,500 నుండి 60,000 రూపాయలకు పెరిగినది. ఆ యేటనే స్త్రీల జట్టునకు పురుషులతో సమానమైన పందెపు రుసుము ప్రకటించిరి. నా దృష్టిలో 27 కోట్ల వేలముకంటె ఈ రెండు నిర్ణయములే గొప్పవి. వేలపు పాట ఒక్కని అదృష్టము. పింఛను అందఱ హక్కు. పింఛను విలువ మన ఉద్యోగులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

మన ఊరి సంగతియు ఒకటి చెప్పి ముగింతును. నవ రాయపూరులోని షహీద్ వీర్ నారాయణ్ సింగ్ స్టేడియమును ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వము ప్రజాధనముతో నిర్మించినది. 2023 జనవరి 21న అచ్చట జరిగిన తొలి అంతర్జాతీయ వన్డే పందెమున న్యూజీలాండు 108 పరుగులకే కుప్పకూలిన దృశ్యము చూచినవారు మనలో కొందఱు కలరు. ఆ యేటనే డిసెంబరు 1న ఆస్ట్రేలియాతో పందెము జరుగునాడు, 3 కోట్ల 16 లక్షల రూపాయల విద్యుత్తు బకాయి ఉన్నదనియు, కనెక్షను తొలగింపబడి యున్నదనియు, దీపములకు జనరేటర్లు తెప్పింపవలసి వచ్చినదనియు పత్రికలు వ్రాసినవి. స్టేడియము కట్టుట ఒక పద్దు, దానిని నిలుపుట వేఱొక పద్దు. రెండవదానికి బాధ్యుడెవరో మొదటనే వ్రాసికొననిచో ఏమగునో మన వృత్తిలోనివారికి సుపరిచితమే. ప్రజాధనముతో కట్టిన స్టేడియములు ఆ ఊరికి పెట్టినంత తిరిగి ఈయవని అమెరికాలో పెక్కురు ఆర్థికవేత్తల అభిప్రాయము. మన మైదానమున పందెము లేని దినములలో మన పిల్లలు ఆడుకొనగలిగినచో ఆ లెక్క కొంత మాఱవచ్చును.

నాయుడుగారు ప్రభువుల దయతో జీవించియు తల వంచక ఆడిరి. కాని ప్రతి ఆటగానికి అంతటి గుండె ఉండదు. ఉండవలెనని కోరుటయు న్యాయము కాదు. ఆటగానికి రావలసినది దయగా గాక హక్కుగా రావలెను. రేపు మన వీధిలోని పిల్లలు ఎవరి వెల ఎంత అని అప్పగించునపుడు, వెల లేక ఆడిన ఈ తెలుగువాని కథను కూడ వారికి చెప్పుడు. గోడపై మూడు గీతలముందు నిలిచిన ఆ బాలునికి అది అక్కఱకు రాగలదు.